చదివేవాళ్ళ మతం: తొలినాటి అమెరికా, షోలాపూర్ తెలుగు పేటలు

నా చిన్నతనంలో, 1970ల నడుమ, షోలాపూర్ సాఖర్‌పేటలోని మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడేవాళ్ళు. తెలుగు చదవటం మాత్రం ఎవరికీ రాదు. నాన్న మరాఠీ బడిలో చదివాడు. అమ్మ బీడీల లెక్క చూసుకునే మేరకు మరాఠీ అంకెలు నేర్చుకుంది. మా అవ్వ, అంటే నాయనమ్మ, ఏ బడి గడపా తొక్కలేదు. ఆమె పుట్టిల్లు సిరిసిల్ల దగ్గర. అక్కణ్ణుంచి ఏడాదికి రెండు మూడు కార్డులు వచ్చేవి. అవి తెలుగులో ఉండేవి.

కార్డు వచ్చిన రోజు నన్ను రైల్వే క్వార్టర్లకు పంపేవాళ్ళు. అప్పట్లో షోలాపూర్ డివిజన్ దక్షిణ మధ్య రైల్వేలో ఉండేది. తెలుగు ఉద్యోగులు కొందరు అక్కడ పనిచేసేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన భార్యది ఒంగోలు వైపు. ఆమె సాయంత్రం పని ముగించుకుని వచ్చి మా అరుగు మీద కూర్చునేది. "ఉత్తరం అచ్చింది బిడ్డా, జర సదివి పెట్టు" అనేది అవ్వ. "ఎవరు రాశారు పెద్దమ్మా?" అంటూ ఆమె కార్డు అందుకుని తడుముకోకుండా చదివేది. తర్వాత అవ్వ చెప్పిన జవాబును అవ్వ మాటల్లోనే రాసిపెట్టేది. ఆమెకు మంచినీళ్ళిచ్చే గ్లాసు వేరే ఉండేది. అది అరుగు మీది గూట్లోనే ఉండాలి, లోపలికి రాకూడదు. ఆమె క్రైస్తవురాలనీ, ఆమె తాతముత్తాతలు మాదిగలనీ మా ఇంట్లో అందరికీ తెలుసు.

మార్కండేయుడి వంశం వాళ్ళమని చెప్పుకునే మా ఇంట్లో ఎవరికీ రాని తెలుగు అక్షరం, మేము గడప దాటనివ్వని మనిషికి ఎలా వచ్చింది? భాషాశాస్త్రం చదువుకున్న తర్వాత ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. జవాబు కోసం వెళ్తే అది ఒంగోలులో ఆగలేదు. మసాచుసెట్స్ దాకా తీసుకుపోయింది.

1

ఇవాంజెలికల్ అనే మాటకు ఇక్కడ 'సువార్తిక' అని వాడుతున్నాను. ప్రొటెస్టెంటు మతంలో ఇది ఒక శాఖ పేరు కాదు, అనేక శాఖల్లో కనిపించే ఒక ధోరణి పేరు. ఆ ధోరణి ప్రకారం పుట్టుకతో సంఘంలో సభ్యుడైతే చాలదు. ప్రతి మనిషీ తానే మారుమనస్సు పొందాలి, బైబిలు తానే చదవాలి, తెలిసింది నలుగురికీ చెప్పాలి. 1734-35లో మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్ ఊళ్ళో జొనాథన్ ఎడ్వర్డ్స్ ప్రసంగాలతో ఇలాంటి కదలిక ఒకటి వచ్చింది. 1739 నుంచి ఇంగ్లండు ప్రసంగీకుడు జార్జి వైట్‌ఫీల్డ్ వలస రాజ్యాలన్నీ తిరుగుతూ ఆరుబయట వేలమందికి బోధించాడు. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆయన గొంతు ఎంత దూరం వినిపిస్తుందో వెనక్కి నడుస్తూ కొలిచి, ముప్ఫైవేల మందికి పైగా వినవచ్చునని లెక్కగట్టాడు. పైసా ఇవ్వకూడదనుకుని వెళ్ళి, జేబు ఖాళీ చేసుకుని వచ్చానని కూడా తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

ఈ కదలికకు 'మహా పునరుజ్జీవనం' అనే పేరు పెట్టింది తర్వాతి చరిత్రకారులేననీ, చెదురుమదురు ఘటనల్ని వాళ్ళు ఒక్క దండగా గుచ్చారనీ 1982లో జాన్ బట్లర్ అనే చరిత్రకారుడు వాదించాడు. ఆ వాదంలో బలం ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని సువార్తిక మతమే తెచ్చిందని చెప్పటం నాకూ అతిగానే తోస్తుంది. దాని అసలు ప్రభావం యుద్ధం తర్వాత, మరో చోట కనిపిస్తుంది.

వలస రాజ్యాల్లో చాలా చోట్ల ఒక సంఘానికి ప్రభుత్వం అండ ఉండేది. వర్జీనియాలో అది ఆంగ్లికన్ సంఘం, మసాచుసెట్స్, కనెక్టికట్‌లలో కాంగ్రిగేషనల్ సంఘం. పాదిరి జీతం పన్నుల్లోంచి వచ్చేది. దీన్ని గట్టిగా ఎదిరించినవాళ్ళు సువార్తికుల్లోనే ఉన్న బాప్టిస్టులు. వర్జీనియాలో 1768 నుంచి వాళ్ళ ప్రసంగీకుల్ని జైళ్ళలో పెట్టారు. మసాచుసెట్స్‌లో ఐజక్ బాకస్ ఈ మతపు పన్ను మీద ఏళ్ళ తరబడి పోరాడాడు. థామస్ జెఫర్సన్‌కు వాళ్ళ విశ్వాసం లేదు. అయినా 1786 నాటి వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం దగ్గర ఈ ఇద్దరూ ఒకే పక్షాన నిలబడ్డారు. 1791లో రాజ్యాంగపు మొదటి సవరణ వచ్చింది. 1802 జనవరి 1న జెఫర్సన్ మతానికీ రాజ్యానికీ మధ్య గోడ అనే ప్రసిద్ధమైన మాట రాసింది కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకే.

కనెక్టికట్‌లో 1818లో, మసాచుసెట్స్‌లో 1833లో సంఘానికి ప్రభుత్వ పోషణ పూర్తిగా పోయింది. మొదట దీన్ని చూసి కుమిలిపోయిన లైమన్ బీచర్ అనే పాదిరి, సంఘానికి జరిగిన మేళ్ళలో ఇదే గొప్పదని తర్వాత ఒప్పుకున్నాడు. ఎందుకంటే పన్ను పోయాక సంఘం తన కాళ్ళ మీద నిలబడక తప్పలేదు. బోస్టన్‌లో 1802లో ఆడవాళ్ళు వారానికి ఒక సెంటు చొప్పున వేసుకునే సమాజం పుట్టింది. 1816లో బైబిలు సొసైటీ, 1824లో సండే స్కూలు యూనియన్, 1825లో చిన్న పుస్తకాల ప్రచురణకు ట్రాక్టు సొసైటీ వచ్చాయి. 1776లో జనాభాలో 17 శాతం మందే సంఘ సభ్యులనీ, 1850 నాటికి అది 34 శాతమైందనీ రోజర్ ఫింకే, రాడ్నీ స్టార్క్ 1992లో అంచనా వేశారు. ప్రభుత్వం తప్పుకున్న కాలంలోనే మతం పెరిగిందన్న మాట.

తొలినాటి అమెరికా చరిత్రలో సువార్తిక మతం చేసిన శాశ్వతమైన పని నా దృష్టిలో ఇదే: చదవటం అందరి పని అని చెప్పింది, ఆ ఖర్చు కోరుకున్నవాళ్ళే చందాలు వేసుకుని పెట్టుకోవచ్చునని చేసి చూపించింది.

2

అయితే 'అందరి' అన్న మాట దగ్గర ఆగాలి. దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలు కూడా ఈ ప్రసంగాలు విని లక్షల్లో క్రైస్తవులయ్యారు. నల్లజాతి క్రైస్తవులు 1816లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్ ఆలెన్ నాయకత్వాన తమ సొంత మెథడిస్టు సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. కాని 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ తిరుగుబాటు జరిగింది. బైబిలు చదివే బానిస ప్రసంగీకుడు దానికి నాయకుడు. ఆ ముందూ వెనకా దక్షిణాది రాష్ట్రాలు కొన్ని బానిసలకు చదువు చెప్పటాన్ని నేరం చేశాయి. ఆ చట్టాల్ని సమర్థించినవాళ్ళలో ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు తక్కువేమీ లేరు. బానిసత్వం మీదే మెథడిస్టులు 1844లో, బాప్టిస్టులు 1845లో ఉత్తర దక్షిణాలుగా చీలిపోయారు.

భాషాశాస్త్రజ్ఞులకు ఇంకో ఉదాహరణ ఆసక్తికరం. చెరోకీ జాతికి చెందిన సెక్వోయా ఇంగ్లీషు చదవటం రాకుండానే 1821 నాటికి తన భాషకు లిపి కనిపెట్టాడు. మన లిపిలాగే అదీ అక్షరం వారీగా సాగుతుంది, కాకపోతే గుణింతపు గుర్తులుండవు, ప్రతి అక్షరానికీ వేరే రూపమే. దానికి అచ్చు దిమ్మలు బోస్టన్‌లో పోయించింది సువార్తికుల అమెరికన్ బోర్డు. 1828 ఫిబ్రవరిలో చెరోకీ, ఇంగ్లీషు భాషల్లో పత్రిక మొదలైంది. అక్కడి మిషనరీ శామ్యూల్ వూస్టర్ చెరోకీల పక్షాన నిలబడినందుకు జార్జియా రాష్ట్రం ఆయన్ని జైల్లో పెట్టింది. 1832లో సుప్రీం కోర్టు ఆయన పక్షానే తీర్పు చెప్పింది. అయినా 1838-39లో చెరోకీల్ని వాళ్ళ నేల మీంచి సైన్యంతో వెళ్ళగొట్టారు. దారిలో వేలమంది చనిపోయారు. లిపి, పత్రిక, తీర్పు, మూడూ ఉండి కూడా నేల నిలవలేదు.

3

ఈ అమెరికన్ బోర్డే మన కథలోకి వస్తుంది. 1806 ఆగస్టులో విలియమ్స్ కళాశాల విద్యార్థులు అయిదుగురు ఉరుముల వానకు గడ్డివామి చాటున చేరి ప్రార్థన చేసుకుంటూ, విదేశాలకు సువార్త తీసుకుపోవాలని తీర్మానించుకున్నారు. 1810లో బోర్డు ఏర్పడింది. 1812 ఫిబ్రవరిలో సేలం రేవు నుంచి ఒక ఓడ, ఫిలడెల్ఫియా నుంచి ఇంకో ఓడ కలకత్తాకు బయల్దేరాయి. మొదటి దాంట్లో అడోనిరామ్ జడ్సన్, శామ్యూల్ న్యూవెల్ దంపతులున్నారు. రెండో దాంట్లో గోర్డన్ హాల్, శామ్యూల్ నాట్, లూథర్ రైస్ ఉన్నారు. అందరూ కాంగ్రిగేషనల్ సంఘం వాళ్ళే.

ప్రయాణంలో జడ్సన్ కొత్త నిబంధన అనువాదం పెట్టుకున్నాడు. 'బాప్టిజో' అనే గ్రీకు క్రియ దగ్గర పని ఆగింది. దానికి నీళ్ళు చిలకరించటమని అర్థమా, ముంచటమని అర్థమా? చిలకరించటమే అయితే కాంగ్రిగేషనల్ సంఘం చేసేది సరి. ముంచటమే అయితే బాప్టిస్టులది సరి. ముంచటమేనని తేల్చుకుని, జడ్సన్ కలకత్తాలో 1812 సెప్టెంబరులో బాప్టిస్టుగా మారాడు. తర్వాత రైస్ కూడా మారాడు. ఈస్టిండియా కంపెనీ అందర్నీ వెళ్ళిపొమ్మంది. జడ్సన్ 1813లో రంగూన్ చేరాడు. రైస్ అమెరికా తిరిగివెళ్ళి బాప్టిస్టుల్ని కూడగడితే 1814లో ఫిలడెల్ఫియాలో వాళ్ళ దేశవ్యాప్త మిషన్ సంస్థ పుట్టింది. మారని హాల్, నాట్ 1813 ఫిబ్రవరిలో బొంబాయి చేరారు.

అనువాదంలో ఒక మాట ఎంత పని చేస్తుందో విద్యార్థులకు చెప్పాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ ఒక్క క్రియ దగ్గర దారులు రెండయ్యాయి. ఒకటి బొంబాయి మీదుగా మరాఠీలోకి, అక్కణ్ణుంచి షోలాపూర్‌లోకి వచ్చింది. ఇంకోటి రంగూన్ మీదుగా తెలుగులోకి వచ్చింది.

4

తెలుగు దారి సంగతి ముందు చూద్దాం. ఒరిస్సాలో పనిచేస్తున్న ఆమోస్ సట్టన్ అనే ఇంగ్లీషు బాప్టిస్టు 1835లో తెలుగువాళ్ళ సంగతి అమెరికా బాప్టిస్టుల ముందు పెట్టాడు. 1836లో శామ్యూల్ డే విశాఖపట్నంలో దిగి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. పాతికేళ్ళ పాటు ఫలితం దాదాపు లేదు. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. ఆ ఏడే బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తన బంధువర్గంలో ఊరూరా తిరిగి కొత్త మాట చెప్పాడు. చెప్పులు కుట్టేవాళ్ళ చుట్టరికాల వెంటే ఆ మతం పాకింది. ఇది గమనించాలి. డబ్బు, పుస్తకం అమెరికావి, నడిచిన కాళ్ళు మాత్రం తెలుగువాళ్ళవి.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని కల్పించాడు. తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి ముంచి బాప్తిస్మమిచ్చారు. గ్రీకు క్రియ అర్థం గుండ్లకమ్మ దాకా వచ్చిందన్న మాట. ఈ సంఘాల పల్లెల్లో చిన్న బళ్ళు లేచాయి. విశ్వాసి బైబిలు తానే చదవాలి గనక, ఆ చదువు తెలుగులోనే ఉండాలి. మా ఉత్తరాలు చదివినామె వాళ్ళ అమ్మకు కూడా చదువొచ్చని ఒకసారి అంది. అప్పుడు నాకు అది వింతగా తోచలేదు. ఇప్పుడు తోస్తుంది.

బొంబాయి దారిలో వచ్చినవాళ్ళు మరాఠీ నేర్చుకున్నారు, మరాఠీలో అచ్చుయంత్రం నడిపారు. 1831లో అహ్మద్‌నగర్‌లో కేంద్రం పెట్టారు. 1842లో అక్కణ్ణుంచే 'జ్ఞానోదయ' పత్రిక మొదలైంది. 1860లలో షోలాపూర్ వచ్చారు. పద్మశాలీలు నైజాం తెలంగాణా నుంచి షోలాపూర్‌కు పెద్ద ఎత్తున తరలివచ్చిన కాలం కూడా ఇంచుమించు ఇదే. 1860లో రైలు వచ్చింది. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఆగిపోయి, బొంబాయి రాష్ట్రపు పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. బానిసల చేత పండించిన పత్తి ఆగితే దక్కను పత్తికి విలువ పెరిగిందని మనం మరిచిపోకూడదు. 1877లో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, జనం నోట 'జునీ మిల్లు', నూలు తియ్యటం మొదలుపెట్టింది. కరువు, మిల్లు నూలు, రైలు కలిసి కరీంనగర్, వరంగల్ వైపు సాలెవాళ్ళను ఇక్కడికి లాక్కొచ్చాయి.

అంచేత తెలుగు సాలెపేటల పక్కనే అమెరికా బడి ఉన్నా, అది మరాఠీ బడి. అందులో ఒకదాని పేరు 'వొరొనొకో'. మసాచుసెట్స్‌లోని వెస్ట్‌ఫీల్డ్ ఊరున్న నేలకు మూలవాసులు పెట్టుకున్న పేరది. ఆ నేల చేతులు మారినా, మాట మాత్రం సముద్రాలు దాటి షోలాపూర్ బడి బోర్డెక్కింది. మేరీ హార్డింగ్ ఇక్కడ చిన్నపిల్లల కిండర్‌గార్టెన్ నడిపింది. అహ్మద్‌నగర్‌లో అదే మిషన్‌కు చెందిన డి. సి. చర్చిల్ 20వ శతాబ్ది మొదట్లో చేనేత కోసం మెరుగైన మగ్గం ఒకటి తయారుచేశాడు. మగ్గం దగ్గర మనవాళ్ళకు పట్టింపు లేదు. తాడు లాగితే నాడె పరిగెత్తే మగ్గం వస్తే షోలాపూర్ సాలెవాళ్ళు త్వరగానే అందుకున్నారు. మతం దగ్గర మాత్రం మార్కండేయుణ్ణి వదల్లేదు. నేటికీ శ్రావణ పూర్ణిమ నాడు పేటల్లో ఆయన రథం కదులుతుంది.

5

చందాలు వేసుకుని సంస్థ నిలబెట్టుకునే పద్ధతి మనవాళ్ళకూ తెలియంది కాదు. పద్మశాలి జ్ఞాతి సంస్థ, శిక్షణ సంస్థ బళ్ళు, మార్కండేయ సహకార ఆసుపత్రి అన్నీ రెక్కల కష్టం మీద లేచినవే. ఇవి అమెరికావాళ్ళను చూసి పుట్టాయని నేను అనటం లేదు. కుల పంచాయతీ, గుడి ఉత్సవం మనకు ముందునుంచీ ఉన్నవే. తేడా అక్షరం దగ్గర ఉంది. ఒంగోలు మాదిగ పల్లెలో తన భాషలో చదవటం మోక్షానికి సంబంధించిన విషయమైంది. షోలాపూర్ సాలెపేటలో చదువు బతుకుతెరువుకు సంబంధించిన విషయం. మిల్లు, కోర్టు, మునిసిపాలిటీ, అన్నీ మరాఠీలో. తెలుగు బళ్ళూ నడిచాయి గాని, పిల్లవాడి రేపటిని తలుచుకున్న తండ్రి మరాఠీ బడికే పంపాడు. మా నాన్ననూ అలాగే పంపారు, నన్నూ అలాగే పంపారు. దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. ఆ మరాఠీ వల్లే నేను పైకి చదివాను.

కాని దానికి ధర కూడా ఉంది. మా ఇంట్లో ఆ ధర ఎంతో నాకు తర్వాత తెలిసింది. 1977లో షోలాపూర్ డివిజన్ మధ్య రైల్వేలోకి మారింది. ఆ రోజుల్లోనే ఆ ఒంగోలు కుటుంబానికి బదిలీ అయింది. ఆ తర్వాత వచ్చిన కార్డుల్ని అవ్వ రేకుపెట్టెలో దాచింది. ఎవరైనా వస్తే చదివించుకుందామని. నేను హైదరాబాదు వెళ్ళి ఇరవై ఏళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకునేసరికి అవ్వ లేదు. పెట్టె తెరిచి ఏడు కార్డులు నేనే చదివాను. నూలు ధర, ఒక పెళ్ళి, ఒక పురుడు. చివరి రెండింట్లో ఆమె తమ్ముడికి జబ్బుగా ఉందని, చూసిపొమ్మని. జవాబు రాయలేదేమని.

సువార్తిక మతం అమెరికాలో బానిసకు అక్షరం నిషేధించిన చట్టాన్ని ఓర్చుకుంది, చెరోకీకి అక్షరం అచ్చుపోసింది. అదే మతం ఒంగోలులో అంటరానివాళ్ళన్నవాళ్ళ చేతికి తెలుగు అక్షరం ఇచ్చింది. ఈ మూడింటిలో ఏదో ఒకటి తీసుకుని మిగతావి వదిలేస్తే అది చరిత్ర కాదు. ఆ మతాన్ని నమ్మినా నమ్మకపోయినా, తెలుగు చదువు చరిత్ర రాసేవాళ్ళు ఈ పాఠకుల్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. పండితుల ఇళ్ళ తాటాకుల దగ్గరే మన అక్షరాస్యత చరిత్ర ఆగిపోతే మాదిగ పల్లెల బళ్ళు అందులో కనిపించవు. షోలాపూర్, భివండి, సూరత్‌లలో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని ఇళ్ళు కూడా కనిపించవు.

అవ్వకు ఏళ్ళ తరబడి పుట్టింటి గొంతు వినిపించిన మనిషి మా అరుగు మీదే కూర్చుంది. ఆమె వెళ్ళిపోయాక కూడా ఆ గ్లాసు చాలాకాలం ఆ గూట్లోనే ఉంది. దాన్ని లోపలికి ఎవరూ తేలేదు, నేను కూడా తేలేదు.